డిస్‌ప్లే పరికరాల లోపలి కేబుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు చుట్టూ పీణ్య, బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాడల్లో డిస్‌ప్లే ఉన్న పరికరాలు తయారుచేసే తెలుగువారు చాలామందే ఉన్నారు. అది పాల సేకరణ కేంద్రంలో కొవ్వు శాతం చూపే పెట్టె కావచ్చు, ఆసుపత్రి మంచం పక్కనుండే మానిటర్ కావచ్చు, టికెట్ యంత్రం కావచ్చు. బోర్డు నుంచి ప్యానెల్ దాకా వెళ్లే కేబుల్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ అవే సందేహాలు వస్తున్నాయి. ఒకే జవాబును ఫోనులో పదిమందికి చెప్పిన తరువాత, రాసి పెట్టడమే మేలనిపించింది. ప్రశ్నలను పని సాగే క్రమంలోనే పేర్చాను గానీ, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## ప్యానెల్ ఎంచుకునే దశ

ప్యానెల్, బోర్డు రెండూ కొన్నాక కేబుల్ సంగతి చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. ప్యానెల్ మీది కనెక్టర్‌కు జోడీగా సరిపోయే హౌసింగ్ (ప్లాస్టిక్ తొడుగు), అందులో కూర్చునే టెర్మినళ్లు (తీగ కొసకు బిగించే లోహపు ముక్కలు), వాటిని తీగకు నొక్కి బిగించే, అంటే క్రింప్ చేసే పనిముట్టు, ఈ మూడూ దొరికితేనే ఆ ప్యానెల్ మీకు దొరికినట్టు లెక్క. ధర చూసి సంబరపడి ప్యానెళ్లు తెప్పించుకుని, ఆ తరువాత వాటి 0.5 మి.మీ. పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) కనెక్టర్‌కు కేబుల్ చేసిపెట్టేవారి కోసం నెలల తరబడి తిరిగినవారు నాకు తెలుసు. ప్యానెల్‌ను ఖరారు చేసే రోజే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి: ప్యానెల్ డేటాషీట్‌లోని పిన్ పట్టిక, బోర్డు మాన్యువల్‌లోని పిన్ పట్టిక, పెట్టె అడ్డుకోత డ్రాయింగ్. అందరూ మరచిపోయేది మూడోదాన్నే. బోర్డు కనెక్టర్‌కు ఎదురుగా పెట్టె గోడ 12 మి.మీ. దూరంలో ఉంటే, ఎంత చక్కగా చేసిన కేబుల్ అయినా లోపలికి దూరదు.

ఎల్‌వీడీఎస్, ఈడీపీ, మిపి డీఎస్‌ఐ: వీటిలో దేనికి ఎలాంటి కేబుల్ కావాలి?

ఈ మూడూ బోర్డు నుంచి ప్యానెల్‌కు బొమ్మను పంపే పద్ధతులు. ఎల్‌వీడీఎస్‌లో ఒక్కో సంకేతం రెండు తీగల జంటగా వెళుతుంది, ఆ జంట డిఫరెన్షియల్ ఇంపీడెన్స్ (వేగమైన సంకేతానికి ఆ రెండు తీగలు కలిసి చూపే అడ్డు) 100 ఓమ్‌లకు దగ్గరగా ఉండాలి. 1024×768 తెరకు సెకనుకు 60 ఫ్రేముల వద్ద పిక్సెల్ క్లాక్ 65 మెగాహెర్ట్జ్. ఒక్కో క్లాక్‌కు ఒక్కో జంట మీద 7 బిట్లు వెళతాయి గనుక జంటకు సెకనుకు 455 మెగాబిట్లు అవుతాయి. ఈ వేగానికి శ్రద్ధగా మెలిపెట్టిన సన్నని తీగల జంటలు చాలు. రంగుకు 6 బిట్లయితే మూడు డేటా జంటలు, ఒక క్లాక్ జంట ఉంటాయి. 8 బిట్లయితే డేటా జంటలు నాలుగవుతాయి. 1920×1080 తెరకు క్లాక్ 148.5 మెగాహెర్ట్జ్‌కు చేరుతుంది కనుక దాన్ని సాధారణంగా 74.25 చొప్పున రెండు చానళ్లకు పంచుతారు, అంటే 8 బిట్ల రంగుకు మొత్తం పది జంటలు లాగాలి.

ఈడీపీ సంగతి వేరు. అందులో ఒక్కో లేన్ (డేటా జంట) సెకనుకు 1.62, 2.7, 5.4 గిగాబిట్ల వంటి వేగాలతో నడుస్తుంది కాబట్టి, వెంట్రుకవాసి సన్నని మైక్రో కోయాక్సియల్ తీగలతో (నడి తీగ చుట్టూ లోహపు పొర ఉండేవి), యంత్రాల మీద చేసిన కేబుల్ కావాలి. సోల్డర్ ఐరన్ పట్టుకుని బల్ల మీద చేసుకునే పని కాదు. మిపి డీఎస్‌ఐ ఫోన్ల కోసం పుట్టింది, బోర్డు పక్కనే తెర ఉంటుందన్న నమ్మకం మీద నిలిచింది. జానెడు దూరం వరకు ఎఫ్‌పీసీతో (వంగే పలుచని ముద్రిత సర్క్యూట్ పట్టీతో) హాయిగా నడుస్తుంది, ఆ పైన ప్రతి అంగుళానికీ గుండె చిక్కబట్టుకోవాలి.

మా పెట్టెలో బోర్డుకూ తెరకూ మధ్య 70 సెం.మీ. దూరం ఉంది. అంత పొడవు పెట్టవచ్చా?

ఒకే చానల్ ఎల్‌వీడీఎస్ అయితే, జంటలన్నీ ఒకే పొడవుతో, సమానమైన మెలికతో ఉంటే పెట్టవచ్చు. ఈడీపీ అయితే అంత పొడవు నమూనా చేయించి, మీ బోర్డు మీదే పరీక్షించి చూసిన తరువాతే అవుననాలి. మిపి అయితే వద్దు. బోర్డును తెర దగ్గరికి జరపండి, లేదా మధ్యలో ఎల్‌వీడీఎస్‌కు మార్చే చిన్న బోర్డు పెట్టండి.

ప్యానెల్ డేటాషీట్‌లో వెసా, జెయిడా అని రెండు అమరికలు రాశారు. కేబుల్‌కు వాటితో పనేముంది?

8 బిట్ల రంగులో బిట్లను జంటల మీద పేర్చే పద్ధతులు రెండున్నాయి. వెసా పద్ధతిలో నాలుగో డేటా జంట మీద ఒక్కో రంగుకు విలువ ఎక్కువగా ఉండే రెండు బిట్లు వెళతాయి, జెయిడా పద్ధతిలో అదే జంట మీద విలువ తక్కువగా ఉండే రెండు బిట్లు వెళతాయి. బోర్డు ఒక పద్ధతిలో పంపి ప్యానెల్ మరో పద్ధతిలో చదివితే అక్షరాలు చదవడానికి వస్తాయి గానీ మనుషుల ముఖాలు పచ్చగా, ఊదాగా, అట్లాసులో కొండల ఎత్తు చూపే రంగుల్లా పొరలుపొరలుగా కనిపిస్తాయి. చాలా ప్యానెళ్లలో ఈ పద్ధతిని ఎంచుకునే పిన్ ఒకటి ఉంటుంది. దాన్ని గ్రౌండ్‌కు కలపాలో 3.3 వోల్టులకు కలపాలో డేటాషీట్ చెబుతుంది, ఆ కలిపే తీగ చాలాసార్లు కేబుల్‌లోనే ఉంటుంది. కేబుల్‌కు దీనితో ఉన్న పని అదే. ఇక ఎన్‌సీ (దేనికీ కలపకూడనిది) అని రాసిన పిన్నులను ఖాళీగానే వదలాలి. వాటిని ప్యానెల్ తయారీదారు తన పరీక్షల కోసం వాడుకుంటూ ఉండవచ్చు కనుక, గ్రౌండ్‌కు కలిపితే మంచిదేగా అన్న ఆలోచన అక్కడ పనికిరాదు.

## తీగలు, కనెక్టర్లు

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ అంగళ్ల వీధి ఎస్‌పీ రోడ్డులో "1.25 జేఎస్‌టీ" అడిగితే ఇచ్చిన కనెక్టర్ మా బోర్డులో కూర్చోలేదు. ఎందుకని?

పిచ్ అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం మాత్రమే, అది కనెక్టర్ పేరు కాదు. మోలెక్స్ పికోబ్లేడ్, హిరోసే డీఎఫ్13, డీఎఫ్14, జేఎస్‌టీ జీహెచ్, ఇవన్నీ 1.25 మి.మీ. పిచ్‌వే, అయినా ఒకదాని హౌసింగ్ మరొకదానిలో పట్టదు. అంగడిలో మాత్రం వీటన్నిటినీ కలిపి "1.25" అనే పిలుస్తారు, దానికి ముందు నోటికొచ్చిన కంపెనీ పేరు తగిలిస్తారు. అమ్మేవారిని తప్పుపట్టి లాభం లేదు, వారికి వచ్చే సరుకు సంచి మీద రాసి ఉండేది అదే.

ఇంకా కనిపించని తేడా 2.5, 2.54 మధ్య ఉంటుంది. జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ పిచ్ 2.5 మి.మీ.; మామూలు పిన్ హెడర్ పిచ్ 2.54. మూడు పిన్నులకు రెండూ ఒకటిలాగే ఉంటాయి. 15 పిన్నులకు వచ్చేసరికి 0.04 చొప్పున 14 ఖాళీలకు 0.56 మి.మీ. తేడా పోగై, చివరి పిన్ను రంధ్రం అంచుకు గుద్దుకుంటుంది. అంగడికి వెళ్లేటప్పుడు బోర్డును చేతిలో పట్టుకుని వెళ్లండి, ఆర్డర్ పెట్టేటప్పుడు మాత్రం తయారీదారు ఇచ్చిన పూర్తి పార్ట్ నంబరు రాయండి.

బ్యాక్‌లైట్‌కు ఎంత లావు తీగ వేయాలి?

లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల బ్యాక్‌లైట్ డ్రైవర్ 1.5 ఆంపియర్లు లాగుతోందనీ, కేబుల్ 600 మి.మీ. పొడవనీ అనుకోండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి తీగ పొడవు 1.2 మీటర్లు. 28 ఏడబ్ల్యూజీ (తీగ మందం కొలత; సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) తీగకు మీటరుకు సుమారు 0.21 ఓమ్ నిరోధం ఉంటుంది గనుక దాదాపు 0.38 వోల్టు తీగలోనే పోతుంది. 24 ఏడబ్ల్యూజీ వేస్తే మీటరుకు 0.084 ఓమ్ కాబట్టి పోయేది 0.15 వోల్టు. 12 వోల్టుల దగ్గర 0.38 పోయినా తెర వెలుగుతుంది, అందుకే చాలామంది ఈ లెక్క వేయరు.

అసలు చిక్కు తీగలో కంటే కనెక్టర్‌లోనే ఉంది. 1.25 పిచ్ టెర్మినళ్లు చాలావాటికి తయారీదారు ఇచ్చే పరిమితి 1 ఆంపియర్ దగ్గర ఉంటుంది, 1.5 ఆంపియర్లను ఒక్క పిన్ను మీద పంపితే రెండేళ్ల తరువాత ఆ హౌసింగ్ అంచు గోధుమరంగుకు తిరుగుతుంది. రెండు పిన్నులకు పంచండి, కానీ రెండూ సరిసమానంగా మోస్తాయని నమ్మి పరిమితిని పూర్తిగా రెట్టింపు చేసుకోవద్దు. బ్యాక్‌లైట్ తిరుగు కరెంటును సంకేతాల గ్రౌండ్ తీగ మీదుగా పంపడం కూడా మంచిది కాదు, ఎందుకంటే వెలుతురు తగ్గించడానికి కరెంటును వేగంగా ఆపి వదిలే పీడబ్ల్యూఎం స్పందనలకు అనుగుణంగా ఆ తీగలోని వోల్టేజి ఎగిరిపడుతూ, దాన్నే ఆధారంగా పెట్టుకున్న సంకేతాలను కలవరపెడుతుంది. సరఫరా, గ్రౌండ్ తీగలతోపాటు వెలిగించే తీగ, వెలుతురు తగ్గించే తీగ కూడా ఈ కేబుల్‌లో లెక్కించుకోండి.

ఎఫ్‌ఎఫ్‌సీ పట్టీ చవక కదా, అన్నిటికీ అదే వాడవచ్చా?

ఎఫ్‌ఎఫ్‌సీ అంటే రాగి పట్టీలను ప్లాస్టిక్ పొరల మధ్య పేర్చిన చదునైన కేబుల్. చవకే, పలుచనే. అయితే ఆర్డర్ పెట్టేటప్పుడు రెండు కొసల్లోనూ లోహపు పట్టీలు ఒకే వైపు ఉండాలో, ఎదురెదురు వైపుల ఉండాలో చెప్పాలి. తప్పితే పిన్నుల వరుస తిరగబడుతుంది. పట్టీని గోటితో నొక్కి మడతపెట్టే అలవాటు మానుకోవాలి, ఎందుకంటే మడత దగ్గర సన్నని తెల్లని గీత పడిందంటే లోపలి రాగి ఇప్పటికే అలసిపోయిందని అర్థం. తలుపుతో పాటు కదిలే తెరలకు, లారీలో ఊగే పరికరాలకు నేను దీన్ని సిఫారసు చేయను.

తీగ మీద ముద్రించిన యూఎల్ నంబర్లను పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. తీగ ఎంత వోల్టేజికి, ఎంత వేడికి తగినదో చెప్పే భద్రతా ప్రమాణపు నంబర్లు అవి. యూఎల్ 1007, 1061 తీగలు 300 వోల్టులకు, 80 డిగ్రీల సెల్సియస్‌కు. యూఎల్ 1571 తీగ 30 వోల్టులకు, అదే ఉష్ణోగ్రతకు. 1061 పైపొర పలుచన కావడంతో చిన్న టెర్మినళ్లలో బాగా ఇముడుతుంది. పాత సీసీఎఫ్‌ఎల్ (సన్నని ట్యూబులైటు లాంటి దీపం) బ్యాక్‌లైట్ల ఇన్వర్టర్ నుంచి దీపానికి వెళ్లే తీగల్లో వందల వోల్టులు ఉంటాయి, వెలిగే క్షణంలో అది వెయ్యి దాటుతుంది. వాటికి ఈ తీగలేవీ పనికిరావు.

## డ్రాయింగ్ దశ

డ్రాయింగ్ ఎందుకు, ఎక్సెల్‌లో పిన్ పట్టిక పంపితే చాలదా?

నేనూ అలాగే అనుకుని ఒకసారి 40 కేబుళ్లు చేయించాను. 20 పిన్నుల ఒంటివరుస కనెక్టర్. పట్టికలో ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకో స్పష్టంగా రాశాను, ఒకటో పిన్నును ఏ వైపు నుంచి చూసి లెక్కపెట్టాలో రాయలేదు. నేను కనెక్టర్ ముఖం వైపు నుంచి చూశాను, చేసినవారు తీగలు దూరే వైపు నుంచి చూశారు. మొదటి కేబుల్ పెట్టి స్విచ్ వేయగానే 3.3 వోల్టులు నేరుగా గ్రౌండ్ పిన్నుల మీదికి వెళ్లాయి, బోర్డు మీది బియ్యపుగింజంత ఫ్యూజ్ చిన్న మాడువాసనతో పోయింది. ప్యానెల్ బతికింది. సూదితో ఒక్కో టెర్మినల్ నాలుకను నొక్కి బయటికి లాగి, రెండో వైపు నుంచి తిరిగి గుచ్చుకుంటూ 800 టెర్మినళ్లు మార్చడానికి ఇద్దరికి రెండు రాత్రులు పట్టింది. చేసినవారి తప్పు అందులో ఏమీ లేదు.

కాబట్టి డ్రాయింగ్‌లో రెండు కొసల కనెక్టర్ల బొమ్మలు గీసి, "జోడీ ముఖం వైపు నుంచి చూపు" అనో "తీగల వైపు నుంచి చూపు" అనో రాసి, ఒకటో పిన్నును, హౌసింగ్ మీది త్రికోణపు గుర్తును, తాళం నాలుకను చూపాలి. ఏయే రెండు తీగలు జంటగా మెలితిరగాలో పట్టికలో ప్రత్యేక నిలువు వరుసలో రాయాలి, లేకపోతే పక్కపక్క నంబర్లను జంటగా మెలిపెట్టేస్తారు. బోర్డు వైపు అది సరిపోయినా ప్యానెల్ వైపు సరిపోకపోవచ్చు. తీగ మందం, రంగు, యూఎల్ రకం, హౌసింగ్, టెర్మినళ్ల పూర్తి పార్ట్ నంబర్లు, లేబుల్ మీద రాయవలసిన మాట, డ్రాయింగ్ సవరణ సంఖ్య, ఇవన్నీ ఒక్క కాగితం మీదే ఉండాలి.

పొడవు ఎలా కొలవాలి?

దారంతో. పెట్టెలో కేబుల్ నిజంగా వెళ్లే దారిలో, మూలల దగ్గర గుండ్రంగా తిప్పుతూ, క్లాంపుల కింది నుంచి దారం వేసి, హౌసింగ్ కొస నుంచి హౌసింగ్ కొస దాకా కొలవండి. కంప్యూటర్ బొమ్మలో కొలిచిన పొడవులో మూలలు ఎప్పుడూ కత్తిలా తిరుగుతాయి. బోర్డును విప్పేవాడి వేళ్లు దూరడానికి 30 నుంచి 50 మి.మీ. అదనంగా ఇవ్వండి, అంతకు మించి ఇస్తే ఆ చుట్ట ఎక్కడో ఒకచోట మూత కింద నలుగుతుంది. తెర తలుపు మీద ఉంటే తలుపు పూర్తిగా తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవాలి. పొడవుతో పాటు ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో కూడా రాయకపోతే, చేసేవారు తమకు నచ్చినంత అనుకుంటారు.

షీల్డును ఒక కొసలో కలపాలా, రెండు కొసల్లోనా?

షీల్డు అంటే కేబుల్ చుట్టూ ఉండే లోహపు పొర. లోహపు పెట్టెలో వేగమైన డిస్‌ప్లే సంకేతాలకు దాన్ని రెండు కొసల్లోనూ పెట్టె లోహానికి కలపడమే సాధారణంగా మేలు. ఒక కొసలోనే కలపాలన్న పాత సూత్రం మైక్రోఫోన్ వంటి నెమ్మది సంకేతాల నుంచి వచ్చింది. కలిపే భాగం వెడల్పుగా, పొట్టిగా ఉండాలి. పది సెంటీమీటర్ల సన్నని తీగతో కలిపిన షీల్డు ఈఎంఐ (విద్యుదయస్కాంత అంతరాయం) పరీక్షలో మీకు సాయం చేయదు.

టచ్ కేబుల్, బ్యాక్‌లైట్ కేబుల్ ఒకే కట్టగా కట్టవచ్చా?

కట్టకండి. కెపాసిటివ్ టచ్ పొర చాలా చిన్న మార్పులను వెతుకుతూ ఉంటుంది, బ్యాక్‌లైట్ డ్రైవర్ పక్కనే కూర్చుని దానికి దెయ్యపు వేళ్లను చూపిస్తుంది; ఎవరూ ముట్టకుండానే మెనూ తెరుచుకుంటుంది. టచ్ ఐ2సీ (రెండు తీగల మీద నడిచే సంకేత పద్ధతి) మీద నడిచేదైతే కేబుల్‌ను పొట్టిగా ఉంచాలి, ఎందుకంటే ఆ తీగల మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు దాటకూడదు. యూఎస్‌బీ అయితే డేటా తీగల జంటను మెలిపెట్టి విడిగా లాగండి.

## నమూనా దశ

నమూనా కేబుల్ పెట్టగానే బొమ్మ వచ్చింది. ఇక ఆర్డర్ ఇచ్చేయవచ్చా?

బొమ్మ రావడం పరీక్షలో మొదటి మెట్టు. బొమ్మ నడుస్తుండగా కేబుల్‌ను రెండు కొసల దగ్గర వేలితో అటూ ఇటూ ఆడించండి, పెట్టె మూత బిగించి తట్టండి, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే బూడిదరంగు పట్టీలను తెర మీద ఉంచి గంట సేపు చూడండి; ఒక బిట్ జారినా అక్కడ ముందు తెలుస్తుంది. పరికరం అనంతపురానికో కడపకో వెళ్లేదైతే బెంగళూరు చల్లదనంలో చేసిన పరీక్ష చాలదు. బయటే 40 డిగ్రీలు దాటే ఊళ్లలో, ఎండలో నిలబెట్టిన మూసిన పెట్టె లోపల వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది గనుక వేడి గదిలో నడిపి చూడాలి.

ఆ తరువాత ఒక కేబుల్‌ను బలిపెట్టండి. టెర్మినల్‌ను హౌసింగ్ నుంచి లాగి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టి చూడండి. రాగి పోగులన్నీ ముందరి రెక్కల కింద ఇమిడి, కొసలు రెక్కలకు అవతల కొద్దిగా, కుంచె మొనలా కనిపించాలి. ప్లాస్టిక్ పైపొరను వెనుక రెక్కలు మాత్రమే పట్టుకోవాలి. రెండు జతల రెక్కల మధ్య కిటికీలో రాగీ, పైపొరా రెండూ కనిపించాలి. ముందరి రెక్కల కింద ప్లాస్టిక్ దూరి ఉంటే, ఆ కేబుల్ ఈ రోజు పనిచేసి ఆరు నెలల తరువాత మొరాయిస్తుంది. ఒక్క పోగు బయట వేలాడుతున్నా వెనక్కి పంపండి.

మా కుర్రాళ్లే మామూలు క్రింపింగ్ పట్టకారుతో చేసుకుంటే ఏం?

ఐదారు నమూనాల వరకు సరే. అమ్మకానికి వెళ్లే పరికరాలకు ఆ టెర్మినల్ తయారీదారు చెప్పిన పనిముట్టే వాడాలి, ఎందుకంటే రెక్కల ఎత్తులో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. క్రింప్ చేసిన చోట సోల్డర్ వేసి గట్టిచేయడం మరీ ప్రమాదం: సోల్డర్ తీగలోకి పాకి దాన్ని పుల్లలా బిరుసుగా మారుస్తుంది, ఊగినప్పుడు అక్కడే విరుగుతుంది.

## తయారీ దశ

వంద కేబుళ్లు మాత్రమే కావాలంటే ఎవరైనా చేస్తారా?

చేస్తారు, కానీ టెర్మినళ్లు రీలుగా వస్తాయి, ఒక రీలులో వేలల్లో ఉంటాయి. మీ కనెక్టర్ వారు ఇప్పటికే ఇంకెవరికో వాడుతున్నదైతే వంద తేలికే, కొత్తదైతే రీలు ఖర్చు మీ మీదే పడుతుంది. అందుకే డిజైన్ సమయంలోనే కేబుల్ చేసేవారి దగ్గరికి వెళ్లి వారి అరలో ఏముందో చూసి రావడం తెలివైన పని.

సరఫరాదారు "అదే నాణ్యత ఉన్న వేరే కనెక్టర్" వేస్తానంటున్నారు. ఒప్పుకోవాలా?

రెండు వైపులూ వారి కనెక్టరే అయితే ఆలోచించవచ్చు. ప్యానెల్ మీద ఒక కంపెనీ కనెక్టర్ సోల్డర్ అయి ఉన్నప్పుడు, మీ కేబుల్ కొసకు దాని నకలు వేస్తే పూత తేడా, పట్టు తేడా మీ నెత్తినే పడతాయి. బంగారు పూత పిన్నుకు తగరపు పూత టెర్మినల్ జత కలిపితే, నిరంతరం అదిరే చోట తగరం రాపిడికి నల్లబడి స్పర్శ చెడుతుంది. ఒప్పుకోవడమే జరిగితే లిఖితపూర్వకంగా, కొత్త సవరణ సంఖ్యతో, కొత్త నమూనా చూసిన తరువాతే ఒప్పుకోండి.

వచ్చిన సరుకును మేమెలా పరీక్షించాలి?

ప్రతి కేబుల్‌కూ ఏ పిన్ను ఏ పిన్నుకు తగులుతోందో, దేనికి తగలకూడదో యంత్రం మీద చూసిన రుజువును సరఫరాదారు నుంచే అడగండి. కేబుళ్ల పనితనానికి అందరూ చూపే ప్రమాణం ఐపీసీ/డబ్ల్యూహెచ్ఎంఏ-ఏ-620. అందులో మూడు తరగతులున్నాయి, మామూలు పరిశ్రమ పరికరాలకు రెండో తరగతి, ప్రాణం మీదికొచ్చే వైద్య పరికరాలకు మూడోది అడుగుతారు. ఆర్డర్ కాగితంలో తరగతి రాయకపోతే తరువాత వాదించడానికి ఆధారం ఉండదు.

## అమర్చిన తరువాత

తెర తెల్లగా ఉండిపోతోంది, లేదా రంగు చుక్కలు మెరుస్తున్నాయి. కేబుల్ తప్పేనా?

బ్యాక్‌లైట్ వెలిగి బొమ్మ అసలే రాకపోతే ప్యానెల్ సరఫరానూ, క్లాక్ జంటనూ ముందు అనుమానించాలి. ఒక రంగు పాడైతే ఏదో ఒక డేటా జంట తెగినట్టో, దాని రెండు తీగలు తారుమారైనట్టో. అప్పుడప్పుడు చుక్కలు మెరిసి, కేబుల్‌ను ముట్టుకుంటే మారుతుంటే క్రింప్ వదులు గానీ, గ్రౌండ్ సరిపోకపోవడం గానీ కారణం. కరెంటు పూర్తిగా తీసేసి, కేబుల్‌ను ప్యానెల్ వైపే ఉంచి, బోర్డు వైపు కొసలో ఒక్కో జంట మధ్య మల్టీమీటరుతో కొలవండి: చాలా ఎల్‌వీడీఎస్ ప్యానెళ్లలో దాదాపు 100 ఓమ్‌లు చూపుతుంది, అది ప్యానెల్ లోపలి టెర్మినేషన్, అంటే జంట చివర ఉండే నిరోధం. నాలుగు జంటలు 100 చూపి ఐదోది తెగినట్టు చూపితే దొంగ దొరికినట్టే. కొన్ని ప్యానెళ్లలో ఈ టెర్మినేషన్ కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది, కాబట్టి అన్ని జంటలూ తెగినట్టు చూపితే కేబుల్‌ను వెంటనే నిందించవద్దు. ఊరికే ఊడదీసి పెడుతూ వెతకడం కూడా మంచిది కాదు, ఈ చిన్న కనెక్టర్లు కొన్నిటికి ఇరవై ముప్పై సార్లకే పట్టు సడలుతుంది.

మా ప్యానెల్ తయారీ ఆపేశారు. కొత్త ప్యానెల్‌కు పాత కేబుల్ సరిపోతుందా?

కనెక్టర్ అచ్చం అదే అయినా సరిపోతుందని అనుకోవద్దు. సరఫరా పిన్నులు రెండు పక్కకు జరిగి ఉండవచ్చు, 3.3 వోల్టుల ప్యానెల్ స్థానంలో 5 వోల్టులది వచ్చి ఉండవచ్చు, పాతదానిలో ఖాళీగా ఉన్న పిన్ను కొత్తదానిలో బిట్ల అమరికను ఎంచుకునేది కావచ్చు. రెండు డేటాషీట్ల పిన్ పట్టికలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, ఒక్కో వరుసా స్కేలు పెట్టి చూడండి. తేడా ఒక్క పిన్నులో ఉన్నా కేబుల్‌కు కొత్త పార్ట్ నంబరు ఇచ్చి, ప్యానెల్ మోడల్ పేరును లేబుల్ మీద ముద్రించి, గోదాములో మిగిలిన పాత కేబుళ్లకు ఆ రోజే ఎర్ర టేపు చుట్టి వేరే డబ్బాలో పెట్టించండి.